మల్లెపొద దాహం

మిట్టమధ్యాహ్నం! అయినా కాటుకలాంటి కారుమేఘాలు సూర్యబింబాన్ని మింగేశాయి. ఫెళఫెళమంటూ పిడుగులు... పట్టపగలే నిద్రలేచిన గుడ్లగూబ ఒకటి అత్తరుబట్టీ రేకుల కప్పు మీద వాలి భీకరంగా కూసింది!

ఆ కప్పు కిందే పుర్రెస్వామి పద్మాసనం వేశాడు. ఎదుట, నరికిన మల్లెమొద్దు మీద కుంపటి. కుంపటి మీద కపాలం. కపాలంలో కుతకుతలాడే తైలం! పక్కనే చేతులు పిసుక్కుంటూ అత్తర్ల మేస్త్రీ... విసిగి వేసారిపోయాడు, పాపం!

వేసారడా మరి? బట్టీకి చోటు చాలదని, భార్య ప్రాణంగా పెంచుకున్న పొదను తనే నరికాడు. "దానిదేముంది, ఆ వాసన సీసాలో పట్టిస్తాగా!" అని కోతలు కోశాడు. ఆమె మంచం పట్టింది. ఏరి కడిగిన రెక్కలు, వడకట్టిన నీరు, మేలిరకం తైలం... ఎన్ని సీసాలు నింపినా ఒక్కసారి వాసన చూసి మొహం తిప్పుకునేది.

"ఇది కాదండీ."

మళ్ళీ బట్టీ! మళ్ళీ సీసా! మళ్ళీ అదే మాట! ఛీ, ఏం బతుకు! చివరికి ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకపోయేసరికి బెంబేలెత్తి ఈ క్షుద్రోపాసకుడి కాళ్ళ మీద పడ్డాడు.

"హ్రీం... క్రీం... ఆవాహయామి!"

లోపలి గదిలో ఆమె దిగ్గున లేచింది! విరబోసుకున్న కురులు, నిప్పులు చెరిగే కళ్ళు... గోడలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ గొంతు ఆమెది కాదు!

"దాహం...! దాహం...!"

"పొద ఆత్మ దిగిందిరా!" పుర్రెస్వామి వికటాట్టహాసం చేశాడు. "దీని ఊపిరితో కలిపి సీసాలో బిగిస్తా. ఆ పరిమళం ఇక నాది!"

"నా పెళ్ళాం ఊపిరా? వాసన ఒక్కటే అన్నావుగా స్వామీ!"

"ఊపిరి తియ్యకుండా వాసన ఎలా వస్తుందిరా, పిచ్చోడా!"

కపాలంలోంచి లేచిన కృష్ణధూమం ఆమె కంఠాన్ని చుట్టుకుంది. కనుగుడ్లు తేలిపోతున్నాయి! మేస్త్రీ పరుగున పన్నీరు తెచ్చి నోట్లో పోశాడు. తుపుక్కున ఉమ్మేసింది. మంచినీళ్ళు పోశాడు. అవీ ఉమ్మేసింది!

"ఇది కాదు...!"

"మరేదే తల్లీ? నీతో చస్తున్నానే!" జుట్టు పీక్కుంటూ వెనక్కి తూలాడు. కాలు తగిలి, రోజుల తరబడి తోమకుండా నానబెట్టిన అంట్ల తొట్టి తొణికింది.

సబ్బు... జిడ్డు... మసి... తడిసిన మట్టి నేల!

ఆ వాసన గుప్పున అతని ముక్కుకు తగిలింది. ఆమె రోజూ అంట్లు తోమి, ఆ నీళ్ళు పొద మొదట్లోనే పారబోసేది! ఆ తడిమట్టితో కలిసే పూలు గుబాళించేవి. శుభ్రం శుభ్రం అంటూ ఇన్నాళ్ళూ తను కడిగి పారేసింది దాన్నే!

తొట్టి ఎత్తి కుంపటి మీదా, మొద్దు మీదా కుమ్మరించాడు.

భూమి కంపించింది! నేల చీల్చుకుని లేచిన వేళ్ళు మహాసర్పాల్లా పుర్రెస్వామిని చుట్టేశాయి. "వదులు...! భస్మం చేస్తా...!" కపాలం ఫట్టున పగిలింది. ఆర్తనాదం నేలలోకి దిగిపోయి అణగారింది. గుడ్లగూబ ఎగిరిపోయింది.

మొద్దు మీద పచ్చని చిగురు... ఒక్క తెల్లని మొగ్గ!

ఆమె పాక్కుంటూ వచ్చి, బురదలో మొహం పెట్టి గట్టిగా పీల్చింది. గొంతు మళ్ళీ ఆమెదే.

"ఇదేనండీ..."

మేస్త్రీకి ఏడుపు ఆగలేదు. అలవాటు కొద్దీ సీసా కోసం చెయ్యి చాచాడు. ఆమె ఒక్క చూపు చూసింది. అతను ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, బట్టీ ఇటుకలు ఊడదీయడం మొదలుపెట్టాడు.