పోలిక క్షణం

మధ్యాహ్నానికే ఇందుమతి ముగ్గురి బాధలు అనుభవించింది. ఒకరి మోకాలు, ఒకరి తల, ఒక ముసలాయన వేళ్ల తిమ్మిరి. ప్రతిసారీ నుదుటి మీది అనుభవపట్టీ తీసేసి చన్నీళ్లతో ముఖం కడుక్కుంది. అయినా ఆ తిమ్మిరి ఇంకా తన చిటికెన వేలిలోనే ఉన్నట్టుంది.

విశాఖలో టీకా బాధితుల న్యాయ సహాయ కేంద్రంలో ఆమె వకీలు. దోమజ్వరాన్ని ఆ టీకా తుడిచిపెట్టింది. ఆ మేలును ఎవరూ కాదనరు. అరుదుగా కొందరికి మాత్రం కీడు చేసింది. వాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో చికిత్స ఇప్పించడానికి ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేదు. ఒకే అనుభవం టీకాకు ముందు ఒకలా, తర్వాత మరోలా ఉందని చూపిస్తే చాలు. అందుకు ఎంచుకునేదే పోలిక క్షణం. ప్రతివారి చెవి వెనకా ఉండే స్మృతిపూస అన్నిటినీ దాచిపెడుతుంది. పట్టీ పెట్టుకున్నవారిలో అదంతా మళ్లీ నిండుతుంది. ఆ పూసలు వచ్చాక, ఎలా ఉందని అడగడమే జనం మానేశారు.

తర్వాతి విచారణ నూకరత్నానిది. టీకా వేయించుకున్నాక ఆమెకు ఏదీ ఇష్టంగా లేదు, కష్టంగానూ లేదు. ఉప్పూ కారం తెలుస్తాయి, బాగుందన్నది తెలియదు. ఆమె భర్త వరహాలు పడవ ఇంజన్ల మెకానిక్. ఏడాదిగా ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రులన్నీ తిరిగాడు.

పోలిక క్షణం ఎంచిన రోజు జరిగిన మాటలు ఇందుమతికి గుర్తున్నాయి.

"భీమిలి బీచిలో బజ్జీలు తిన్న రోజు పెడదామండి," అంది రత్నం.

వరహాలు పకపక నవ్వాడు. "బజ్జీలేటే? జడ్జిగారు నవ్విపోతారు! మా పెళ్లిరోజు రాసుకోండి మేడమ్. డాబా మీద నా సెయ్యట్టుకుని కూకుంది. అంతకన్నా సాక్ష్యం ఏటుంటాది?"

"మీ ఇష్టం," అంది రత్నం.

ఆ మాట దగ్గర ఇందుమతి ఆగి ఉండాల్సింది. అది కూడా జబ్బులో భాగమే అనుకుంది. టీకాకు ముందటి క్షణాన్ని విచారణ దాకా ఎవరూ తెరవకూడదని నియమం.

ఇప్పుడు విచారణాధికారి, ప్రభుత్వ వైద్యురాలు, ఇందుమతి పట్టీలు పెట్టుకున్నారు. డాబా. సముద్రపు గాలి. అరచేతిలో వేడిగా, గరుకుగా మరో చెయ్యి. ఇందుమతి ఎదురుచూసింది. ఏమీ రాలేదు. భయం లేదు, విసుగు లేదు. తువ్వాలు పట్టుకున్నట్టుంది.

టీకా తర్వాతి క్షణం. అదే చెయ్యి. అదే తువ్వాలు.

"రెండూ ఒకటే కదమ్మా," అన్నాడు విచారణాధికారి.

వరహాలు లేచి నిలబడ్డాడు. "అదెలాగవుతాది సార్? మీ పట్టీ పాడైపోనాది. ఏదీ, నాకివ్వండి."

పెళ్లాం పూస తెరవడమంటే ఆమెను అనుమానించడమే. తానెన్నడూ తెరవలేదని అతను గొప్పగా చెప్పుకునేవాడు. తెరవాల్సిన అవసరమేముంది, తనకన్నీ తెలుసు. ఇప్పుడు పట్టీ పెట్టుకుని తన చేతినే తాను బయటినుంచి పట్టుకుని చూశాడు. పట్టీ తీసేటప్పటికి అతని ముఖంలో రక్తం లేదు.

"అప్పుడు కూడానా, రత్నం?"

"అప్పుడు కూడా లేదండి." ఆమె గొంతు నిలకడగా ఉంది. "మీ మనసు నొచ్చుకుంటాదని చెప్పేదాన్ని కాదు. ఇప్పుడదీ అనిపించట్లేదు."

వేరొకరి నరాల్లో తిరిగే అలవాటున్న ఇందుమతి, ఈ మనిషి కళ్లలోకి చూడలేకపోయింది. అయినా చెప్పాలి.

"క్షణం మార్చవచ్చు వరహాలుగారూ. కానీ ఎంచింది మీరు. అది ఎందుకు పనికిరాదో మీరే అందరి ముందూ చెప్పాలి. లేకపోతే కేసు కొట్టేస్తారు, చికిత్స రాదు."

"చికిత్సయితే దానికి అన్నీ తెలుస్తాయా?"

"తెలుస్తాయి. ముందులాగే."

ముందులాగే. ఆ మాట అతనిలోకి దిగడం ఇందుమతి చూసింది. అతను చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు.

"నేనెంచిన రోజు తప్పండి. నేనంటే మా ఆవిడికి... ఏటీ లేదండి. జబ్బు వల్ల కాదు. ముందునుంచీ లేదు. ఆ బజ్జీల రోజు సూడండి."

టీకా తర్వాతి క్షణం కోసం బంట్రోతు క్యాంటీన్ నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. రత్నం ఒకటి కొరికింది. పట్టీలు పెట్టుకున్న అందరిలోకీ చప్పటి కారం పాకింది. తర్వాత భీమిలి రోజు తెరిచారు. వైద్యురాలు ఉస్సురంటూ నాలుక బయటపెట్టింది. విచారణాధికారి కళ్లు తుడుచుకుంటూ అకారణంగా నవ్వేశాడు. "చాలమ్మా. చికిత్స మంజూరు."

"నాకోసారి," అన్నాడు వరహాలు.

తడి ఇసుక. ఉప్పుగాలి. నోరంతా మంట, ఆ మంట కింద గుండెలో ఎగసిపడే సంతోషం. ఇంత సంతోషం ఒక మనిషిలో పడుతుందని అతనికి తెలియదు. అందులో తనకోసం వెతుక్కున్నాడు. దూరంగా స్కూటర్ తుడుచుకుంటూ కనిపించాడు. ఆమె చూపు అతని మీదుగా జారి అలల మీదికి పోయింది.

తడిసిన అతని ముఖాన్ని రత్నం కాసేపు చూసింది. చేతిలో సగం కొరికిన బజ్జీ అలాగే ఉంది. ఇప్పుడెవరూ అడగని మాట అడిగింది.

"ఎలాగుందండీ?"

వరహాలు పట్టీ తీశాడు.

"బాగుంది రత్నం," అన్నాడు. "శానా బాగుంది."