ముప్పై తొమ్మిదిన్నర జ్వరం

ఆదోనిలో పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య ఇంట్లో ఉదయం బొరుగుల ఉగ్గానికి తిరగమాత పడింది. కోడలు మనస్విని గరిటె తిప్పుతూనే అత్తగారిని మళ్లీ అడిగింది.

"అత్తమ్మా, ఎమ్మిగనూరు కాలేజీలో బీఈడీ సీటు వచ్చింది. ఈ వారమే చేరాల. ఏమంటారు?"

"పెండ్లయినాక సదువేందమ్మా? మనింటికేం తక్కువని?" అంది రాజేశ్వరి.

మనస్విని ఫిజిక్సులో డిగ్రీ చేసింది. పాఠాలు చెప్పాలని ఆమె కోరిక. భర్త గిరిధర్‌కి ఇష్టమే గానీ, అమ్మ మాట కాదనలేడు. పైగా ఆ రోజు పని మీద గూడూరు వెళ్లాడు.

ఇంతలో ముందుగదిలోంచి మూలుగు వినిపించింది. రాజేశ్వరి వెళ్లి, కొత్తగా కొన్న థర్మామీటరు భర్త నోట్లో పెట్టింది.

"ముప్పై తొమ్మిదిన్నర" అని చదివింది.

"నూరు గూడా లేదు, జరమెట్లయితాది? యార్డుకు పత్తి బండ్లు వచ్చింటాయి" అంటూ ఇంద్రసేనయ్య వణుకుతూనే చెప్పులు వేసుకున్నాడు.

మనస్విని వచ్చి థర్మామీటరు చూసింది. అంకె పక్కన చిన్నగా సెల్సియస్ గుర్తు ఉంది. పరుగున పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోవద్దు మామయ్యా! మీకు నూట మూడు జ్వరం."

"మామకే అడ్డం నిలబడతావా? కండ్ల ముందర ముప్పై తొమ్మిదని కనపడతాంటే!" రాజేశ్వరి గొంతు పెరిగింది.

మనస్విని తగ్గలేదు. "అది వేరే కొలత అత్తమ్మా. రెండింతలు చేస్తే డెబ్బై తొమ్మిది. దాన్లో పదోవంతు తీసేస్తే డెబ్బై ఒకటి చిల్లర. ముప్పై రెండు కలిపితే నూట మూడు. మామయ్యా, పత్తిని క్వింటాళ్లలో చెప్పినా కిలోల్లో చెప్పినా బరువు ఒకటే కదా? జ్వరమూ అంతే."

కొలతల మాటతో ఇంద్రసేనయ్య ఆగాడు. మరుక్షణమే కాళ్లు తూలాయి. కోడలే పట్టుకుని కూర్చోబెట్టి, ఒళ్లు తడిబట్టతో తుడిచి, ఆటో పిలిపించింది.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, "నూట మూడు దాటింది. ఈ ఒంటితో ఎండలో యార్డుకు పోయుంటే ప్రాణం మీదికి వచ్చేది" అన్నాడు. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది.

రాజేశ్వరి వరండాలో కోడలి చేయి పట్టుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "నీ సదువు వద్దంటి. ఆ సదువే ఈ పొద్దు ఆయన్ని నిలబెట్టింది గదమ్మా" అంది. మనస్విని ఆమె భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది.

జ్వరం తగ్గుముఖం పట్టాక, ఆ వారం చివర్లో అత్తాకోడళ్లిద్దరూ ఎమ్మిగనూరు బస్సెక్కారు. పక్క సీటు ఆమె, "యాడికి పోతాండారమ్మా?" అని అడిగింది.

"మా కోడల్ని కాలేజీలో సేర్పిచ్చేకి పోతాండాం. టీచరైతాది" అంది రాజేశ్వరి, బస్సంతా వినపడేటట్టు.