పంతొమ్మిది మార్కుల పెసరట్టు

చెవి వెనక అంటించుకున్న చుక్క పచ్చగా వెలిగింది. డాక్టర్ శేషప్రభ ఫోన్ తెరమీద గీత ఒకటి కాస్త పైకి లేచి, నీరసంగా కిందకి వాలింది. ఆవిడ పెసరట్టు ఇంకో ముక్క తుంచి, అల్లం చట్నీలో అద్ది నోట్లో పెట్టుకుంది. గీత మళ్ళీ లేచింది గానీ మొదటిసారి లేచినంత కూడా లేవలేదు. ఐదు ముద్దలయ్యాక ఫోన్ చిన్నగా కూసింది.

పెనం అవతల అట్లకాడ పట్టుకుని నిలబడ్డ వీరవేణి మెడ చాచి చూసింది.

"ఎంతొచ్చిందండీ?"

"ముప్ఫై నాలుగు."

"అయితే మీరూ ఆళ్ళ పక్షమేనన్నమాట," అంది వీరవేణి, ఎదుటి వరసలో ఉన్న ఏసీ హోటల్ కేసి అట్లకాడ చూపిస్తూ.

"అమ్మా, ఈ మిషన్ కనిపెట్టింది నేను. నాకు ఏ హోటల్‌తోనూ చుట్టరికం లేదు."

"అందరూ అలాగే అంటారండి."

ఈ చుక్క సంగతి పాఠకులకు కాస్త చెప్పాలి. సముద్రం ఒడ్డున ఉన్న ఈ కొత్తరేవు నగరంలో ఒకప్పుడు మంచి హోటల్ ఏదని ఫోన్‌ని అడిగితే ఐదు నక్షత్రాలు చూపించేది. ఆ నక్షత్రాలు పెట్టింది ఎవరయ్యా అంటే హోటల్ ఓనరు బావమరిది. ఒక్క నక్షత్రమే పెట్టి తిట్టిపోసింది ఎవరంటే పక్క హోటల్ ఓనరు తోడల్లుడు. పోనీ, ఫోన్ మాట వదిలేసి మనిషిని అడుగుదామంటే మనవాళ్ళ మొహమాటం మీకు తెలిసిందే. సాంబారు మాడి కంపు కొడుతున్నా "అమోఘం బావగారూ" అంటారు, చెయ్యి కడుక్కున్నాక పెరట్లో అసలు మాట చెప్పుకుంటారు.

ఇలా ఎవరి మాటా నమ్మలేని ఊళ్ళో శేషప్రభ ఒక ఉపాయం కనిపెట్టింది. నాలుక మీద రుచి తగలగానే ఒక నరం మెదడుకి కబురు మోసుకుపోతుంది. ఆ నరం చెవి లోపలినుంచే వెళ్తుంది. కందిగింజంత సెన్సర్‌ని చెవి వెనక అంటిస్తే, ఆ కబురుని దారిలోనే వినేస్తుంది. తింటున్నవాడికి నిజంగా ఎంత బాగుందో నూటికి ఇన్ని మార్కులని లెక్కగట్టి సర్వర్‌కి పంపిస్తుంది. కడుపు నిండే కొద్దీ రుచి మారుతుంది కాబట్టి మొదటి ఐదు ముద్దలే లెక్క, ఆ తరవాత చుక్క నిద్రపోతుంది. జనం దాన్ని 'నాలుక చుక్క' అన్నారు. నాలుక అబద్ధమాడినా చుక్క ఆడదని వాళ్ళ ధీమా. కార్పొరేషన్‌కి ఇది ఎంత నచ్చిందంటే, చుక్క లేనిదే హోటళ్ళలో ఫోన్‌తో బిల్లు కట్టే వీలు లేకుండా చేసింది. కార్పొరేషన్ మార్కెట్లో ఉన్న హోటల్‌కి సంవత్సరం సగటు నలభై దాటకపోతే ఆ కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని రూలు కూడా పెట్టింది.

వీరవేణి కొట్టు ఆ మార్కెట్లోనే ఉంది. అత్తగారి తరవాత అట్లకాడ ఆవిడ చేతికొచ్చింది. ఈ చుట్టుపక్కల పెసరట్టంటే వీరవేణిదే అనేవాళ్ళు. ఈ మార్కెట్లోకి చుక్కలు వచ్చినప్పటినుంచీ అలాంటి పెసరట్టుకి పంతొమ్మిది మార్కులు. సంవత్సరం నిండబోతోంది. సోమవారం నాడు కొట్టు తాళాలు ఇచ్చెయ్యమని నోటీసు కూడా వచ్చింది. మిషన్ తప్పుగా చెబుతోందని వీరవేణి కార్పొరేషన్ మెట్ల మీద కూర్చుని గోల చేస్తే, గోల భరించలేక వాళ్ళు శేషప్రభనే పంపించారు.

మార్కులు రావడం లేదని తెలిసిన మొదట్లో వీరవేణి ఏసీ హోటల్ వాణ్ణి అనుమానించింది. తరవాత పెసలు అమ్మే కొట్టువాణ్ణి అనుమానించింది. అనుమానం పెనుభూతం కదా, తిరిగి తిరిగి చివరికి ఆవిడ చేతి మీదికే వచ్చింది. బియ్యం పాళ్ళు పెంచి చూసింది. అల్లం తగ్గించి చూసింది. ఏసీ హోటల్ వాడు వేస్తాడట అని చట్నీలో బెల్లం దట్టించింది. ఏం చేసినా పంతొమ్మిది పంతొమ్మిదిలాగే ఉండిపోయింది.

"కొట్టు పోతే పోనివ్వండమ్మగారూ," అంది, గొంతు తగ్గించి. "నా చెయ్యి పాడైపోయిందో లేదో అది చెప్పండి చాలు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదండి. అత్తగారు నా చేతిలో పెట్టిపోయింది ఇదొక్కటే."

శేషప్రభకి ఆవిడంటే జాలి కలిగింది. కానీ మిషన్ మీద నమ్మకం సడలలేదు. పెసరట్టు నిజంగానే సామాన్యంగా ఉంది. ఆ మాట చెప్పేసి లేచి వెళ్ళిపోవలసిందే. శేషప్రభని ఆపినవి చుట్టూ ఉన్న బల్లలు. ఒక్కటీ ఖాళీ లేదు. నచ్చని తిండి తినడానికి ఇంతమంది రోజూ పొద్దున్నే ఎందుకొస్తున్నారు? తన నాలుకకి ముప్ఫై నాలుగు అయినది వీళ్ళకి పంతొమ్మిది ఎలా అయింది?

"వీళ్ళంతా పాతవాళ్ళేనా?" అని అడిగింది.

"ఆయ్, నా పెళ్ళినాటినుంచి వస్తున్నోళ్ళేనండి."

"వీళ్ళ మీద మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

వీరవేణి నొచ్చుకుంది. "రాజుగారి మీదా? ఆయన నాకు తండ్రిలాంటోరండి."

రాజుగారంటే చిట్టిరాజుగారు. రేవు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, తెల్లచొక్కా, చేతికర్ర. గుమ్మం పక్క బల్ల ఆయనది. ఆ బల్ల దగ్గర ఇంకెవరైనా కూర్చుంటే లేచేదాకా ఎండలో నిలబడతారు.

మర్నాడు శేషప్రభ ముందుగా వచ్చి మూలబల్ల దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చిట్టిరాజుగారు వచ్చారు, కూర్చున్నారు, దగ్గారు. జేబులోంచి ఏదో తీసి బుగ్గన పెట్టుకున్నారు. పెసరట్టు రాగానే మందు మింగుతున్నవాడిలా మొహం పెట్టి ఐదు ముద్దలు తిన్నారు. తరవాత లేచి తూము దగ్గరికి వెళ్ళి నోట్లోది ఉమ్మేసి, ఒక గ్లాసు నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నారు. ఆ పైన కళ్ళు మూసుకుని, ఆకు మీద చట్నీ మరక కూడా మిగల్చకుండా తిన్నారు. శేషప్రభ మిగతా బల్లల కేసి చూసింది. అందరికీ దగ్గే. అందరి బుగ్గల్లోనూ ఏదో ఉంది.

ఆయన కర్ర తీసుకుని బయటికి నడవగానే ఈవిడ ఎదురెళ్ళింది.

"దగ్గు ఎక్కువగా ఉన్నట్టుందండీ?"

"సముద్రపు గాలమ్మా. కరక్కాయ ముక్క నోట్లో ఉంటే కాస్త నయం."

"ఊళ్ళో ఉన్న దగ్గంతా ఈ హోటల్‌కే ఎందుకొస్తోందంటారు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారాయన. కాసేపు ఏసీ హోటల్ బోర్డు చదివినట్టు నటించారు. ఆ తరవాత ఎటూ పాలుపోక ఒప్పుకున్నారు.

"చెబితే మీకు తప్పనిపిస్తుంది గానీ వినండి. పాతరేవు దగ్గర భూషణం ఇడ్లీ అని ఉండేది. మీ చుక్క ముందు ఆ వైపే వచ్చింది, రాగానే దానికి తొంభై రెండొచ్చింది. మర్నాటినుంచి ఎక్కడెక్కడి కార్లో వచ్చేశాయి. టోకెన్లట, లైన్లట. భూషణం రుబ్బలేక ఫ్యాక్టరీ పిండి తెప్పించాడు. ఆనక పేరు అమ్మేసుకుని వెళ్ళిపోయాడు. పాతికేళ్ళు తిన్నవాళ్ళం మాకు ఇడ్లీ లేదు, కూర్చోడానికి బల్లా లేదు. అందుకని ఇక్కడికి చుక్క రాకముందే మేమంతా ఒక మాటనుకున్నాం. వీరవేణి పెసరట్టునైనా మీ మిషన్ కంట పడకుండా కాపాడుకుందామని. కరక్కాయ వగరు నోట్లో ఉంటే దానికి అసలు రుచి అందదు."

"కాపాడుకోవడమా? సోమవారం ఆవిడ కొట్టు పోతోంది!"

"కొట్టు పోతుందా?" ఆయన మొహం పాలిపోయింది. "మార్కులు తక్కువైతే జనం రారనుకున్నాం గానీ... ఆ రూలు సంగతి మాకు తెలీదమ్మా. ఆ పిల్ల ఎప్పుడూ చెప్పలేదు."

చెప్పలేదు, ఎందుకంటే పంతొమ్మిది వేసిన వాళ్ళతో చెప్పుకోవడానికి ఆవిడకి సిగ్గేసింది. శేషప్రభ ఆయన్ని చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి తీసుకొచ్చింది. విషయం విన్న వీరవేణికి ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది.

"నా చేత్తో పెట్టింది తింటానే నా పొట్ట కొట్టారా రాజుగారూ? సంవత్సరంనుంచి నా చేతిని నేనే తిట్టుకుంటన్నాను. మీరు మాత్రం ఎదురుగుండా కూర్చుని దగ్గారు!"

"తప్పేనమ్మా. నీ మీద ప్రేమతోనే..."

"ఈ ప్రేమ మీ ఇంట్లో పెట్టుకోండి!"

చివరికి అందరూ కలిసి ఒక మాట మీదికి వచ్చారు. జరిగినది శేషప్రభ కార్పొరేషన్‌కి రాస్తుంది. ఆదివారం నాడు పాతవాళ్ళంతా కరక్కాయ లేకుండా, ఆవిడ ఎదురుగానే తింటారు. ఆ రోజు మార్కులు నలభై దాటితే పాత లెక్క కొట్టేయించి, కొట్టు నిలబెట్టే పూచీ తనదని ఆవిడ మాటిచ్చింది. నలభై ఏం ఖర్మ, తొంభై దాటుతుందని చిట్టిరాజుగారు పందెం కాశారు. వీరవేణి మొహంలో సంవత్సరం తరవాత మొదటిసారి నవ్వు కనిపించింది. నా చేతికేం కాలేదు, అని పెసలు నానబోస్తూ ఆ రోజు తనలో తను చాలాసార్లు అనుకుంది.

ఆదివారం పొద్దున కొట్టు పెళ్ళిపందిరిలా నిండింది. మొదటి పెసరట్టు చిట్టిరాజుగారికే వేసింది. ఆయన నోరు పుక్కిలించుకుని, అందరికేసీ ఒకసారి చూసి, పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు.

నములుతూ నములుతూ ఆగిపోయారు.

రెండో ముద్ద తిన్నారు. చట్నీ మార్చి మూడోది తిన్నారు. ఐదయ్యాక ఫోన్ కూసింది. ముప్ఫై ఒకటి.

పక్కవాడికి ముప్ఫై మూడు. ఆ పక్కావిడకి ఇరవై తొమ్మిది. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు.

"నోరు తెరవండి," అంది వీరవేణి.

"అమ్మా..."

"తెరవండి రాజుగారూ. ఇంకా బుగ్గనే ఉంచారు మీరు."

ఆయన నోరు తెరిచారు. అందులో పెసరట్టు తప్ప ఏమీ లేదు.

అప్పటికి శేషప్రభకి సంగతి బోధపడింది. కరక్కాయ నమిలి నీళ్ళు తాగితే ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఐదు ముద్దల తరవాత వీళ్ళు కళ్ళు మూసుకుని ఆస్వాదించిందంతా ఆ తీపి. ఈ సంవత్సరంలో వీరవేణి బియ్యం కలిపినా, అల్లం తీసేసినా, బెల్లం దట్టించినా వీళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. రోజూ అదే పెసరట్టు తింటున్నామనుకున్నారు. అది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. ఈ మాట చెప్పక తప్పదు కాబట్టి చెప్పింది.

వీరవేణి పెనం మీద అట్టు తీసి పక్కన పెట్టింది. తరవాత గబగబా లోపలికెళ్ళింది. "పాతదే చేస్తాను. ఉండండి, ఎవరూ కదలకండి." నానిన పెసలు తెచ్చింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఆగింది. గుప్పెడా? గుప్పెడున్నరా? ఎప్పుడూ కొలవలేదావిడ. చెయ్యి దానంతటదే తీసేది. ఇప్పుడు ఆ చెయ్యి డబ్బాలో అలాగే ఉండిపోయింది.

"అల్లం ఎంత వేసేదాన్ని రాజుగారూ?"

"ఘాటుగా ఉండేదమ్మా."

"ఎంత ఘాటు?"

ఆయన పక్కవాళ్ళ కేసి చూశారు. ఒకరు ఎక్కువన్నారు, ఒకరు తక్కువన్నారు, ఇద్దరూ పోట్లాడుకున్నారు.

"నా దగ్గరుంటుంది," అంది శేషప్రభ హడావిడిగా లాప్‌టాప్ తీస్తూ. "చుక్క మార్కులతో పాటు రుచి మొత్తం రికార్డు చేస్తుంది. ఉప్పెంత, కారమెంత, పులుపెంత, అన్నీ. మరిచిపోయిన వంటలు ఇలాగే ఇద్దరు ముగ్గురికి వెతికిపెట్టాను." సర్వర్‌లో వీరవేణి కొట్టు పేరు కొట్టింది. మార్కెట్లోకి చుక్క వచ్చిన మొదటి రోజుకి వెళ్ళింది. వగరు. రెండో రోజు వగరు. ఎవరిది తెరిచినా, ఏ రోజుది తెరిచినా కరక్కాయ వగరు కింద ఇంకేమీ కనిపించలేదు. ఈ నగరంలో మాడిన బజ్జీ రుచి, పులిసిన మజ్జిగ రుచి కూడా భద్రంగా ఉన్నాయి. వీరవేణి పెసరట్టు మాత్రం ఎక్కడా లేదు. దాన్ని ప్రేమించినవాళ్ళు అంత గట్టిగా దాచారు.

శేషప్రభ లాప్‌టాప్ మూసేసింది. మార్కులు నలభై దాటలేదు కాబట్టి ఆవిడ ఇచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

సోమవారం కొట్టు తాళాలు మారాయి. వీరవేణి మార్కెట్ అవతల సందులో తోపుడుబండి పెట్టుకుంది. పాతవాళ్ళు సిగ్గుపడి చుక్కలు పీకి పారేసి, బండి దగ్గరికే వచ్చి చిల్లరిచ్చి తింటున్నారు. ఆవిడ రోజుకో రకం పాళ్ళలో పిండి రుబ్బుతుంది. వచ్చినవాళ్ళని ముందు నోరు తెరవమంటుంది, చూశాకే పెనం మీద పిండి పోస్తుంది. చిట్టిరాజుగారు ప్రతిరోజూ మొదట తిని, "ఇది కాదమ్మా" అని తల దించుకుంటారు.

వర్షాలు మొదలైన ఒక పొద్దున ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని లేచి నిలబడిపోయారు. కర్ర కింద పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదేనమ్మా! అచ్చం ఇదే! వచ్చేసింది నీ పెసరట్టు!"

వీరవేణి ఆయన నోట్లోకి చూసింది. బుగ్గలు చూసింది. బోసిగా ఉన్న చెవి వెనక చూసింది. తడిసిన కళ్ళు కూడా చూసింది.

"పాపం, నా మీద జాలేసి చెబుతున్నారు," అంది.

"ఒట్టమ్మా! నా పిల్లల మీదొట్టు!"

"మీ మంచితనం నాకు తెలుసు లెండి."

పిండి గిన్నె ఎత్తి కాలవలో కుమ్మరించింది. వాన నీళ్ళలో పచ్చటి పిండి కలిసిపోతుంటే ఆయన వద్దు వద్దంటూ చేతులు అడ్డం పెట్టారు.

"రేపు రండి రాజుగారూ," అంది వీరవేణి గిన్నె కడుగుతూ. "ఇంకోలా చేసి చూస్తాను."