జాబ్రియాలో తోటకూర మడి

1990 ఆగస్టు 19, ఆదివారం ఉదయం ఐదున్నరకు వెంకటదుర్గ జాబ్రియాలో యజమాని ఇంటి పచ్చిక తవ్వడం మొదలుపెట్టింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి పదిహేడు రోజులైంది. యజమాని కుటుంబం జులైలోనే లండన్ వెళ్ళింది. దుర్గ పాస్‌పోర్టు మేడమీద ఇనప్పెట్టెలో ఉంది. తాళం లండన్‌లో ఉంది. బజారుకు కూరగాయలు రావడం లేదు. దుర్గ దగ్గర అమ్మ మూట కట్టిచ్చిన తోటకూర, గోంగూర విత్తనాలు ఉన్నాయి.

పక్కింటి డ్రైవరు పెంచల్ పలుగు చప్పుడు విని గోడ మీంచి చూశాడు.

"ఏం పాపా, బంకరు తవ్వుతాండావా?"

"మడి కడుతున్నానండి."

"మీ మామా వచ్చి సూస్తే?"

ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళు మామా అంటారు.

"మామా వచ్చిందంటే అందరికీ పండగే కదండీ. అప్పుడు తిట్టించుకుంటాలెండి."

పెంచల్‌ది రాజంపేట దగ్గర పల్లె. వయసు ఇరవై ఎనిమిది. దుర్గది ముమ్మిడివరం, ఇరవై నాలుగు. ఏడాదిన్నరగా పక్కపక్క ఇళ్ళలో పనిచేస్తున్నా వాళ్ళు మాట్లాడుకోవడం అదే మొదలు.

దుర్గ మూడు బోదెలు తీసింది. గట్ల నెత్తిన తోటకూర విత్తనాలు చల్లింది. తోట కుళాయి తిప్పి బోదెలు నింపింది. అక్కడి ఇళ్ళలో తోటకు వేరే కుళాయి ఉంటుంది. అందులో వచ్చేవి ఉప్పనీళ్ళు.

"గట్టు నెత్తిన ఏస్తే బతకవు," అన్నాడు పెంచల్.

"మాది కాలవ కింద ఊరండి. నీళ్ళ గురించి మాకు మీరు చెప్పాలా? మీ ఊళ్ళో వాన పడితే ఫొటో తీయించుకుంటారంట కదా."

"ఎవురు సెప్పినారు?"

"మీ సంజీవమ్మగారే."

సంజీవమ్మ పెంచల్ పనిచేసే ఇంట్లో వంటమనిషి. ఇద్దరిదీ ఒకే ఊరు. పెంచల్ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు.

నాలుగో రోజు మొలకలు వచ్చాయి. దుర్గ గోడ దగ్గరికి వచ్చి, "చూశారా?" అంది. ఎనిమిదో రోజుకు ఆకుల అంచులు మాడాయి. గట్ల నెత్తిన తెల్లని పొర కట్టింది. పదో రోజుకు ఒక్క మొక్క మిగల్లేదు.

ఆ సాయంత్రం పెంచల్ గోడ దూకి వచ్చాడు. నవ్వుతాడనుకుంది దుర్గ. అతను గట్టు పక్కన కూర్చుని, పొరను గోటితో గీకి నాలుకకు రాసుకున్నాడు.

"మా బాయి నీళ్ళూ ఇట్లనే. తేమ గట్టు పైకి ఎక్కుతాది. ఎండకు నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు నెత్తిన మిగుల్తాది. గట్టు నడుముకు ఏస్తే బతుకుతాయి."

"ఆ మాట ముందే చెప్పచ్చు కదండీ?"

"సెప్పినా గదా. ఫొటో అంటివి."

దుర్గ నవ్వింది. గోడ అవతల సంజీవమ్మకు కూడా వినిపించింది.

సెప్టెంబరు 1న ఇద్దరూ కలిసి మళ్ళీ విత్తారు. గట్టు నడుముకు వేలితో గీత గీసి, అందులో తోటకూర, ఒక వరుస గోంగూర వేశారు. మొలకలు వచ్చేదాకా రెండిళ్ళలో బియ్యం కడిగిన నీళ్ళు దాచి పోశారు. పెంచల్ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవాడు. రెండో వారంలో మూడుసార్లు వచ్చాడు.

"మధ్యాన్నం మొక్కలు నిద్రపోతాయండీ," అంది దుర్గ.

"నిద్రపోయినాయా లేదా అని సూద్దామని."

సెప్టెంబరు 20న సంజీవమ్మ దుర్గ వంటింట్లోకి వచ్చింది.

"నీకు తెల్సునా అమ్మీ? వాని పాస్‌పోర్టు వాని జేబులోనే ఉండాది. మా కఫీల్, అదే మా యజమాని, పోతా పోతా మా ఇద్దరివీ ఇచ్చిపాయ. మనోళ్ళను ఊరికి పంపే బస్సుల లిస్టులో రెండు తూర్లు వాని పేరొచ్చింది. రెండు తూర్లూ సీటు ఇంగొకరికి ఇడిసిపెట్న్యాడు. అడిగితే తోటకూర కోతకు రాలేదంటాడు!"

దుర్గ చాకు తీసుకుని మడి దగ్గరికి వెళ్ళింది. తోటకూర మొత్తం కోసింది. కట్ట కట్టి పెంచల్ చేతుల్లో పెట్టింది.

"ఇదిగోండి మీ తోటకూర. వండించుకుని తినండి. ఈసారి పేరొస్తే బస్సెక్కండి."

"అంతా కోసినావే!"

"పాస్‌పోర్టు బదులు ఎంబసీ ఇచ్చే కాగితం నాకెప్పుడొస్తుందో నాకే తెలీదు. మీ అమ్మగారు అక్కడ ఏడుస్తా ఉంటారు. కూర కోసం మనిషి ఆగిపోతాడాండీ?"

"కూర కోసం ఎవురు ఆగుతారు?"

"మరి?"

పెంచల్ కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడు.

"నువ్వు లేకుండా బస్సెక్కను, దుర్గా."

అంతవరకు అతను ఆమెను పేరు పెట్టి పిలవలేదు.

"నాకు కాగితం రాకపోతే?"

"మళ్ళా ఇత్తుదాం."

"ఈ మాట ముందే అనుంటే సగమే కోసేదాన్ని కదండీ!"

"కూర సంగతి సరే. నా మాటకు జవాబేది?"

"బస్సులో కిటికీ పక్క సీటు నాకివ్వాలి. ఇస్తారా?"

"ఇస్తా."

"అయితే సరేనండి."

"ఖలాస్!" అంది గోడ అవతలి నుంచి సంజీవమ్మ. "ఆ కూర ఇట్ల తెండి, ఇద్దురూ నిలబడి వాడగొడతాండారు. అబ్బీ, మీ అమ్మకు నేను సెప్తాలే. కూరలో కొబ్బరి ఏసే పిల్లయినా ఏం పర్వాలేదని."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ తోటకూర పప్పు తిన్నారు. కొబ్బరి దొరకలేదు.

పాస్‌పోర్టు లేనివాళ్ళకిచ్చే ప్రయాణ పత్రం 24న దుర్గకు అందింది. గోంగూర వరుసను వీధి చివరి ఇంట్లో పనిచేసే హమీదా బీకి అప్పజెప్పారు. సెప్టెంబరు 27, గురువారం ఉదయం ఏడు గంటలకు బాగ్దాద్ మీదుగా, ఇండియాకు విమానాలు బయల్దేరే అమ్మాన్‌కు వెళ్ళే బస్సు సాల్మియాలో బయల్దేరింది. ప్రయాణికుల జాబితాలో 30 సంజీవమ్మ, 31 పెంచల్, 32 వెంకటదుర్గ.