కోటవాకిట భైరి

మేఘగిరి రాజ్యానికి శత్రుభయం లేదు, కరువూ లేదు. వచ్చిన చిక్కల్లా ఒక నల్లకుక్కతోనే. నవ్వకండి! దానికి జడిసి నెలరోజులుగా ఒక్క వర్తకుడూ కోటలో అడుగు పెట్టలేదు.

కోట కావలి వీరప్పకు చెంగల్వ అని ఒక కూతురు. పాడుబడ్డ రాక్షసగుహలో ఎవరో గొలుసుతో కట్టి వదిలేసిన ఆ కుక్కను ఆమే విడిపించి తెచ్చి, భైరి అని పేరు పెట్టుకుంది. భైరికి చెంగల్వే లోకం. కోటవాకిట ఆమె వైపు ఎవరు వచ్చినా పళ్ళు బయటపెట్టి మీదికి దూకేది. చివరికి ఒక అమావాస్యనాడు బోయీలు రాజమాతతో సహా పల్లకీ కింద పడేసి పరుగు లంకించుకున్నారు.

"పౌర్ణమిలోగా దాన్ని దారికి తెచ్చుకో. లేకుంటే అడవిలో వదిలించేస్తాను," అన్నాడు రాజు ఉదయసేనుడు.

మళ్ళీ అడవిపాలైతే భైరి బతకదు. ఆ తలపుకే చెంగల్వకు ఏడుపొచ్చింది. దానిమీద రాక్షసుడి శాపం ఉందని ఊరంతా అంటున్నారు కదా, ఆ శాపమేదో విప్పించాలని రొట్టెల మూట కట్టుకుని, భైరిని తాడుతో పట్టుకుని అడవిదారి పట్టింది.

మర్నాటికి ఒక ఆశ్రమం కనిపించింది. లోపలినుంచి ముసలి ముని బయటికి రాగానే చెంగల్వ తాడు బిగబట్టి, "ఎవరది? ఆగక్కడ!" అని కేక పెట్టింది. భైరి ఎగిరి దూకింది.

ముని కదలలేదు. "నా వాకిట్లో నిలబడి నన్నే ఎవరంటావేమమ్మాయీ?"

చెంగల్వ నాలుక కరుచుకుంది. "క్షమించండి స్వామీ. ఏడు తరాలుగా మాది కోట కావలి కాసే ఇల్లు. మనిషి కనబడితే చాలు, ఇలాగే అరుస్తాం."

"అదే వచ్చిన చిక్కు. దీనిమీద శాపమూ లేదు, పాడూ లేదు. ఉన్నది దెబ్బలు తిన్న భయం. నువ్వు తాడు బిగించి కేక పెడితే శత్రువొచ్చాడనే అనుకుంటుంది. ఎదుటి కొండమీద గుండోదరుడని ఒక రాక్షసుడున్నాడు. వాడి పక్కన ఇది స్థిమితంగా పడుకున్ననాడు ఇంటికి వెళ్ళు."

తాటిచెట్టంత గుండోదరుడు భైరిని చూడగానే బండచాటున నక్కాడు. "తల్లీ, కుక్కలంటే నాకు చచ్చేంత భయం!"

"అయితే అక్కడే కూర్చో మామా," అంది చెంగల్వ.

భైరి రాక్షసుణ్ణి చూసి కూడా మొరగనంత దూరంలో ఆమె కూలబడి తాడు వదులు చేసింది. అది రాక్షసుణ్ణి చూసి, మళ్ళీ తనవైపు తిరిగినప్పుడల్లా రొట్టెముక్క పెట్టింది. రోజుకు పది అడుగులు ముందుకు జరిగింది. మూడోనాడు తొందరపడి ముప్పై అడుగులు వేసేసరికి భైరి గుర్రుమంది. గుండోదరుడు చెట్టెక్కాడు, కొమ్మ విరిగింది. చెంగల్వ విసుక్కోకుండా మొదటి చోటికే తిరిగి వెళ్ళింది.

పన్నెండోనాడు భైరి నెమ్మదిగా వెళ్ళి రాక్షసుడి కాలి బొటనవేలిమీద తల ఆనించి పడుకుంది. "నా దగ్గరికి ఇంతవరకు ఎవరూ రాలేదు తల్లీ," అంటూ అంత రాక్షసుడూ కళ్ళు తుడుచుకున్నాడు.

పౌర్ణమినాటి ఉదయం రాజే కోటవాకిటికి వచ్చాడు. వీరప్ప అలవాటుకొద్దీ ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"కేక వద్దు నాన్నా!" అని చెంగల్వ తాడు వదులు చేసింది. "రండి ప్రభూ. కులాసాయేనా?"

భైరి రాజును చూసింది. తర్వాత చెంగల్వను చూసింది. రొట్టెముక్క తిని కూర్చుంది.

రాజు ముఖం విప్పారింది. "నేనూ ఒక ముక్క పెట్టనా?"

"ఇవాళే వద్దు ప్రభూ. ముందు పది అడుగుల దూరంలో కూర్చోండి."

పట్టుబట్టలతో రాజు దుమ్ములో చతికిలబడ్డాడు. ఆయన్ను చూసి పరివారమంతా కూర్చుంది. అక్కడికక్కడే రాజు చెంగల్వను కోటకావలికి పెద్దను చేశాడు.

వర్తకులు మళ్ళీ రాసాగారు. ఇప్పుడు వాళ్ళకు వాకిట కేకలు వినబడవు. "రండి, కులాసాయేనా?" అన్న పలకరింపు వినబడుతుంది, దానితోపాటు గుమ్మానికి అడ్డంగా పడుకున్న భైరి గురక కూడా. దానికి నిద్రాభంగం కాకుండా అందరూ పక్కగా అడుగులేసి లోపలికి వెళతారు.