కెమెరాకి పెట్టిన బొట్టు

రండి, అందరూ ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలు ఆపండి, లేకపోతే కథ బెదిరి కాలవలో దూకేస్తుంది.

రాజోలు అవతల లంకలో వీరాయమ్మగారిల్లు. దసరాకి కత్తులకీ, నీళ్ళ మోటారుకీ పూజ చేస్తూ ఆవిడ, తన కోడలు లావణ్య వాడే కెమెరాకి కూడా బొట్టు పెట్టారు. ఆ బొట్టు సరిగ్గా పైనున్న, ఫోటో ఏ పద్ధతిలో తీయాలో ఎంచుకునే చక్రం మీద పడింది. చక్రం అప్పుడు ఆకుపచ్చ గుర్తు దగ్గరుంది. తిప్పితే బొట్టు చెరుగుతుంది కనక, ఇక ఎవరూ ముట్టుకోకూడదన్నారు.

ఆకుపచ్చ గుర్తంటే పెత్తనమంతా కెమెరాదే. ఇంట్లో కాస్త చీకటిగా ఉంటే చాలు, ఫ్లాష్ దానంతటదే లేచి మెరుస్తుంది. ఆ మెరుపుకి దొడ్లో కోళ్ళు తెల్లారిందనుకుని కూసేవి. చెట్టు మీది లేత బొండాలు అదిరిపోయి ముదురుకాయలైపోయేవి. మనవడేమో కళ్ళు గట్టిగా మూసేసేవాడు. దసరా తర్వాత వాడు కళ్ళు తెరిచిన ఫోటో ఒక్కటీ లేదు.

ఒకరోజు ఉదయం వాడికి అన్నప్రాసన. పుస్తకం, కత్తి, బంగారం, వరికంకి ముందు పెడితే పిల్లాడు పాకి వెళ్ళి ఏది పట్టుకుంటాడో, ఆ ముచ్చట ఒక్కసారే. లావణ్య చక్రం మీద చెయ్యి వేసింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"శుభమా అని కార్యం చేసుకుంటుంటే బొట్టు చెరుపుతావేంటమ్మా?"

"ఇవాళైనా ఫోటోలో వాడి కళ్ళు పడాలండి అత్తయ్యగారూ. మళ్ళీ పాకమంటే పాకుతాడాండీ?"

చుట్టాలు తలో మాటా అన్నారు. లావణ్య మొగుడు నాగబాబు గేదెకి దాణా వేసే వంకతో జారుకున్నాడు.

లావణ్య గొంతు తగ్గించింది. "మీరు రోజూ స్నానం చేసేకే కదండీ కొత్త బొట్టు పెట్టుకుంటారు? దీనికీ మీ చేత్తోనే తుడిచి, మళ్ళీ మీ చేత్తోనే పెట్టండి."

వీరాయమ్మగారు కెమెరా చేతిలోకి తీసుకున్నారు. కొంగు తడిపి బొట్టు తుడిచారు. తుడుస్తూనే, అడుగున బయటపడ్డ అక్షరాల సంగతేమిటని ఒక్కొక్కటీ అడిగారు. ఎస్ దగ్గర పెడితే ఫోటో తీసే వేగం మనం చెప్తామనీ, వెలుగు వచ్చే కన్నం ఎంత తెరవాలో కెమెరా చూసుకుంటుందనీ కోడలు చెప్పింది. ఎ దగ్గర కన్నం మనది, వేగం దానిది. ఎమ్ అంటే రెండూ మన నెత్తినే.

"అయితే ఈ ఇంట్లో ఆ ఎమ్ము నేనేనన్నమాట."

"ఆయ్," అంది లావణ్య.

చక్రాన్ని ఎ దగ్గరికి ఆవిడే తిప్పి, కొత్త బొట్టు ఈసారి చక్రం పక్కన పెట్టారు. ఎ దగ్గర ఫ్లాష్ దానంతటదే లేవదు కనక, వెలుగు చాలేలా లావణ్య కన్నం పూర్తిగా తెరిచింది. పిల్లాడు పుస్తకం దాటి, బంగారం దాటి, వరికంకి పట్టుకుని, కెమెరా పక్కనే ఉన్న నాయనమ్మ వైపు తలెత్తాడు. లావణ్య మీట నొక్కింది; ఫ్లాష్ మెరవలేదు.

లావణ్య ఫోటోని పెద్దది చేసి చూపించింది. పిల్లాడి కళ్ళు రెండూ ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో కంటిలోనూ ఒక్కో బుల్లి వీరాయమ్మగారు.

"ఇన్నాళ్ళూ వీటిని నేనే మూయించేనే," అని ఆవిడ కోడలి భుజం మీద తల వాల్చి ఏడ్చారు.

పక్కింటి జగ్గారావు తొంగి చూశాడు. పిల్లాడి వెనకాల నిలబడ్డ తను ఫోటోలో పొగలా మసగ్గా ఉన్నాడు. కన్నం అంత తెరిస్తే వెనకున్నవాళ్ళు అలాగే పడతారని లావణ్య చెప్పబోయింది.

"నాకు తెల్సులేమ్మా," అన్నాడతను. "కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయి వచ్చేను కదా, మసగ్గా పడక ఏం చేస్తాను."