గుమ్మం లేని కోట

మా వీధి తాపీమేస్త్రి కట్టిన గోడలు రెండు రకాలు. సగం కట్టినవి, కట్టబోయేవి. పూర్తయిన గోడ చూడాలంటే వాళ్ళింటికెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

అందులో కోటలు కట్టే ఆట ఒకటుంది. రాయి తవ్వించాలి, కట్టెలు కొట్టించాలి, గోడ లేపాలి. ఈలోగా శత్రువు మీద పడతాడు. మనం అన్నానికి లేచామని అవతలివాడు బాణాలు ఆపడు. అందుకని మేస్త్రి అన్నానికి లేవడమే మానేశాడు. దర్జీ ఇంట్లో స్నానాలగది గోడ నడుము ఎత్తున ఆగి నెలలైంది. పాపం, దర్జీ పెళ్ళాం కూర్చునే స్నానం చేస్తోంది. ఒకళ్ళ సంగతి మనకెందుకులెండి.

ఆ రోజు మబ్బు కమ్మి మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. మేస్త్రి పెళ్ళాం మా గుమ్మంలో వచ్చి నిలబడింది. చేతులకి పిండి అలాగే ఉంది.

"అక్కా, ఒక్కసారి వస్తావా? ఆయన గదిలోంచి బయటికి రావట్లేదు."

"ఎప్పుడొచ్చాడు గనక?"

ఆ అమ్మాయి నవ్వలేదు. "రాలేకపోతున్నాడక్కా."

పిలవకపోయినా వెళ్ళేదాన్నే. పిలిచింది కాబట్టి చెప్పులేసుకుని వెళ్ళాను.

వాళ్ళ వెనకగది తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది. బార్లా తీసే ఉంది. లోపల్నించి తడి సున్నం వాసన. ఆ ఇంట్లో ఎవరూ సున్నం కలిపి ఏళ్ళయింది. తన ఇంటికి మాత్రం చేస్తాడా మేస్త్రి?

గుమ్మానికి జానెడు లోపల, మావైపు తిరిగి నిలబడ్డాడు. రెండు అరచేతులూ గాలిలో చాచి, దేన్నో తడుముతున్నాడు. అద్దానికి అదిమితే ఎలా తెల్లబడతాయో, అలా తెల్లబడ్డాయి అరచేతులు. కళ్ళు మామీదే ఉన్నాయి. మమ్మల్ని చూడట్లేదు.

"మేస్త్రీ," అన్నాను.

చేతులు ఆగాయి. "వదినా? ఏ గోడ అవతల ఉన్నావు?"

"గోడేంటి నాయనా, నీ ఎదురుగా గుమ్మంలో ఉన్నాను. తలుపు తీసే ఉంది."

"ఇక్కడ తలుపు లేదు వదినా." గొంతు పీలగా వచ్చింది. "చుట్టూ తడిమాను. అంతా రాయే. గాలి... అందట్లేదు."

 ఆ అమ్మాయి వైపు తిరిగాను.

"చెయ్యి పట్టుకు లాగానక్కా," అంది ఆ అమ్మాయి గుసగుసగా. "రాతికి కొట్టుకున్న చప్పుడైంది. ఆయన భుజం చూడు."

భుజం మీద చర్మం చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఏం చేశావయ్యా?"

"కోటకి ద్వారం పెట్టలేదు వదినా. చుట్టూ మూసేశాను."

"తాపీ పట్టినవాడివి. ఆఖరి రాయి పెట్టేవాడు బయట నిలబడాలని నీకు నేను చెప్పాలా?"

"ఆటే కదా అనుకున్నా... బయట వాడున్నాడు. ఏ జెండా లేనివాడు. శత్రువులందర్నీ చంపినా వాడొక్కడు మిగులుతాడు. ద్వారంలోకి వస్తాడు. వాడు లోపలికొచ్చిన ప్రతిసారీ, మా ఇంట్లో ఎవరో నడుస్తున్న చప్పుడు."

ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చప్పుడు తనూ విన్నట్టుంది.

మేస్త్రి మోకాళ్ళ మీదికి జారాడు. పెదాలు నల్లబడ్డాయి. ఇంక నిలబడి చూస్తే మనిషి దక్కడు. నేనతని పక్కనుంచి లోపలికెళ్ళాను. నాకే గోడా అడ్డు రాలేదు.

తెరమీద కోట గుండ్రంగా ఉంది. లోపలి మనుషులందరూ గోడకి మొహం ఆనించి నిలబడ్డారు. ఒక్కడూ కదలట్లేదు. బయట మాత్రం ఒకడు, రంగులేనివాడు, గోడ మీద చెయ్యి వేసి చుట్టూ తిరుగుతున్నాడు. తీరుబడిగా.

"దీన్ని కూల్చడం ఎలా?"

"వద్దు వదినా... వాడొస్తాడు..."

"చెప్పి చావు!"

"గోడ మీద నొక్కి... కింద సుత్తి బొమ్మ..." మిగతా మాట గొంతులోనే గురగురమంది.

"కొట్టెయ్యక్కా!" అని ఏడ్చింది పెళ్ళాం.

వాడు అటు చివర ఉన్నప్పుడు ఇటు చివర నొక్కాను. గోడ కూలింది. వెనకాల మేస్త్రి గుమ్మానికి అడ్డంగా పడి, నీళ్ళలోంచి తేలినవాడిలా ఊపిరి పీల్చాడు.

తెరమీద వాడు ఆగాడు. తిరిగాడు. పరుగెత్తలేదు. నడుచుకుంటూ వచ్చి, కూలినచోట లోపలికి అడుగుపెట్టాడు. వాడి వెనక గోడ... దానంతటదే లేచింది. రాయి మీద రాయి. నేను మౌస్ ముట్టుకోలేదు.

ఒళ్ళు బరువని నన్ను ఎగతాళి చేసేవాళ్ళు నేనా గదిలోంచి వచ్చిన వేగం చూడాల్సింది.

ఇద్దరం అతన్ని హాల్లోకి ఈడ్చాం. ఆ అమ్మాయి తలుపు మూయబోయింది. మేస్త్రి పెళ్ళాం చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఆపాడు.

"మూయకు. తీసున్న తలుపు వాడికి కనబడదు. నాక్కనబడిందా? మూస్తే... ఇక్కడ తలుపుందని తెలిసిపోతుంది."

గదిలో ఎవరూ లేరు. అయినా వినిపించింది. గోడ మీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. ఒక గోడ అయింది. మూల తిరిగింది. రెండో గోడ.

బయట గాలి లేచింది. తలుపు కిర్రుమని కదిలింది. మూసుకోకుండా కాలు అడ్డం పెట్టాను.

చప్పుడు మావైపు గోడ వెంట వచ్చింది. గుమ్మం పక్కన... ఆగింది.

గాలి పడిపోయింది. ఆకు కూడా కదలట్లేదు. తలుపు మాత్రం నా కాలిని నెడుతూనే ఉంది.

అది నెడుతున్నది గదిలోంచి కాదు. తలుపు వెనక నుంచి... మేమున్న హాల్లోంచి.